మైలుతుత్తం రంగు ఎక్కడికి పోయింది?

పిల్లలూ, మీలో చాలామంది మైలుతుత్తం చూచే ఉంటారు. ఏలూరులో గాని, తాడేపల్లిగూడెంలో గాని ఎరువులూ పురుగు మందులూ అమ్మే కొట్టుకు వెళితే నీలిరంగు పలుకులు నిండిన సంచులు కనిపిస్తాయి. తోటలకు తెగులు తగిలినప్పుడు రైతులు దీన్ని సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం తయారుచేస్తారు. కొల్లేటి చుట్టుపట్ల చేపల చెరువులవాళ్ళు నాచు పెరిగినప్పుడు కొలత ప్రకారం నీళ్ళలో కలుపుతారు. కొలత మించిందా, చేపలే చచ్చి పైకి తేలుతాయి. చూడటానికి పటికబెల్లం పలుకుకు నీలిరంగు అద్దినట్టు ముచ్చటగా ఉంటుంది. కాని ఇది విషం. నోట పెట్టరాదు, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. పెద్దవాళ్ళు దగ్గర లేకుండా దీనితో ఏ పరీక్షా చెయ్యవద్దు.

ఈ మైలుతుత్తం మూలంగా నేను ఒకసారి క్లాసులో తప్పు జవాబు చెప్పాను. ఆ సంగతే ఇప్పుడు మీకు చెబుతాను.

నలభై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నేను కొల్లేటి ఒడ్డున ఒక పల్లెటూరి బడిలో సైన్సు మాస్టరును. ఎనిమిదో తరగతిలో ఒక లంక గ్రామం కుర్రవాడు ఉండేవాడు. రోజూ దోనె మీద బడికి వచ్చేవాడు. వాళ్ళ నాన్న ఒక చేపల చెరువు దగ్గర కాపలా ఉండేవాడు. ఒకనాడు ఆ కుర్రవాడు గోలీకాయంత మైలుతుత్తం పలుకును కాగితంలో పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

నేను దాన్ని నలగ్గొట్టి, పరీక్షనాళికలో వేసి, నాళికను కాస్త ఏటవాలుగా పట్టి స్పిరిటు దీపం మీద కాచాను. చూస్తూ ఉండగానే నీలిరంగు వెలవెలబోయింది. కొంతసేపటికి నాళికలో మిగిలింది తెల్లటి పొడి.

"రంగు ఏమయిందండీ మాస్టారూ?" అన్నాడు కుర్రవాడు.

"దానిలో ఉన్న నీళ్ళతో కలిసి పోయిందిరా. రంగంతా ఆ నీళ్ళలోనే ఉంది," అన్నాను నేను, తడుముకోకుండా.

క్లాసంతా తల ఊపింది. వాడు మాత్రం లేచి వచ్చి, నాళిక మూతి దగ్గర చేరిన బొట్లను వంగి చూచాడు. "ఈ నీళ్ళకు రంగు లేదు కదండీ!" అన్నాడు.

నిజమే. అవి మామూలు నీటిబొట్లు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. "అది పాఠంలో లేదు. వెళ్ళి కూర్చో," అన్నాను. వెళ్ళి కూర్చున్నాడు. తరవాత నాళిక చల్లారనిచ్చి, తెల్లపొడి మీద నాలుగు చుక్కల నీళ్ళు వేశాను. నాళిక మళ్ళీ వేడెక్కింది. పొడి మళ్ళీ నీలంగా మారింది! పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. వాడు కొట్టలేదు.

వాడి ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే, ముందుగా స్ఫటికంలోకి వెళ్ళిన వెలుతురు ఏమవుతుందో తెలియాలి. ఉప్పు, పంచదార, పటిక, మైలుతుత్తం, వజ్రం, ఇవన్నీ స్ఫటికాలే. ఇటికలు పేర్చినట్టు, లోపలి పరమాణువులు ఒక వరసలో, ఒకే పద్ధతిలో పేర్చబడి ఉన్న వస్తువును స్ఫటికం అంటారు.

వెలుతురుకు స్ఫటికంలో మూడు గతులున్నాయి. కొంత వెలుతురు పైముఖం మీద తగిలి వెనక్కు మళ్ళుతుంది. కొంత లోపలికి పోయి అవతలి వైపు బయటపడుతుంది. కొంత లోపలే ఉండిపోతుంది. ఈ మూడోదాన్ని శోషణం అంటారు. మనం "మింగటం" అనుకుందాం. దారి మళ్ళటం వేరు, మింగబడటం వేరు. పెద్దవాళ్ళు కూడా ఈ రెంటినీ కలిపేస్తూ ఉంటారు, కనుక పటికతో ఒక పరీక్ష చేసి చూడండి.

గోదావరికి వరదలు వచ్చినప్పుడు ఏలూరు కాలవలో ఎర్రనీళ్ళు వచ్చేవి. మా చిన్నతనంలో ఆ నీళ్ళను బిందెలో పోసి, పటికముక్కను నాలుగుసార్లు తిప్పి వదిలేవాళ్ళు. తెల్లవారేసరికి మట్టి అడుక్కు చేరి నీళ్ళు తేటపడేవి. మీ ఇంట్లో నాయనమ్మను అడగండి, చెబుతుంది. పటిక ఇప్పటికీ పచారీ కొట్లలో దొరుకుతుంది. తేటగా ఉన్న ముక్క ఒకటి తీసుకుని అచ్చు అక్షరాల మీద పెడితే అక్షరాలు మసకగానైనా కనిపిస్తాయి. ఇప్పుడు దాన్ని రోట్లో వేసి పంచదార పలుకంత పొడిగా దంచండి. పొడి తెల్లగా ఉంటుంది. దాని చాటున అక్షరాలు కనిపించవు. ఏమయింది? పటిక ఇప్పుడు వెలుతురును మింగుతున్నదా?

ఒక గాజుగ్లాసులో కొంచెం పొడి వేసి, అది మునిగేటట్టు తేటగా ఉన్న కొబ్బరినూనె పొయ్యండి. చలికి పేరుకున్న నూనె పనికిరాదు. పుల్లతో నెమ్మదిగా కలిపి గాలిబుడగలు పోనివ్వండి. తెల్లపొడి చాలావరకు మాయమవుతుంది! అది కరిగిపోయిందనుకునేరు. పటిక నీళ్ళలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. వేలితో అడుగున తడిమితే పలుకులు తగులుతాయి.

కారణం ఇది. గాలిలోంచి పటికలోకి పోయేటప్పుడూ, పటికలోంచి గాలిలోకి వచ్చేటప్పుడూ వెలుతురు కొంత వెనక్కు తిరుగుతుంది, కొంత దారి వంగుతుంది. పొడిలో వేలకొద్దీ ముఖాలు. ప్రతి ముఖం దగ్గరా వెలుతురు దారి మళ్ళి, మళ్ళి, చివరకు వచ్చినవైపుకే చాలాభాగం తిరిగి వస్తుంది. ఎర్రదీ, పచ్చదీ, నీలందీ అన్నీ సమానంగా తిరిగి వస్తాయి కనుక మనకు తెల్లగా కనిపిస్తుంది. కొబ్బరినూనె వెలుతురును ఎంత వంచుతుందో పటికా దాదాపు అంతే వంచుతుంది. అందుచేత నూనెలో మునిగిన పలుకు దగ్గర వెలుతురుకు ముఖం దాటినట్టే తెలియదు, సూటిగా పోతుంది. ఇందులో పటిక మింగింది ఏమీ లేదు. పంచదార, ఉప్పు, కొండమంచు, అన్నీ ఈ కారణంచేతనే తెల్లగా ఉంటాయి.

ఇక మింగే సంగతి. మీ ఊళ్ళో వేపచెట్టుకు ఉయ్యాల వేసి ఉంటుంది. ఆ ఉయ్యాలకు ఒక ఊపు ఉన్నది. ఆ ఊపుకు సరిగా అందించి తోస్తే ఒక చిన్నపిల్ల కూడా దాన్ని ఆకాశానికి ఎక్కించగలదు. ఊపుతో సంబంధం లేకుండా తోస్తే ఎంత బలవంతుడు తోసినా ఉయ్యాల అట్టే కదలదు. వెలుతురు కూడా ఒక ఊపే. ఎర్రవెలుతురు ఊపు నిదానం, నీలివెలుతురు ఊపు వేగం. స్ఫటికంలోని పరమాణువులలో ఎలక్ట్రాన్లనే అతి చిన్న కణాలున్నాయి. కొన్ని ఎలక్ట్రాన్లు ఒక్కొక్క ఊపుకే స్పందిస్తాయి. సరిగా ఆ ఊపు గల వెలుతురు వస్తే, దాని శక్తిని పుచ్చుకుని పైమెట్టుకు ఎక్కుతాయి. ఆ వెలుతురు అక్కడితో సరి. పుచ్చుకున్న శక్తి చాలాసార్లు పక్కనున్న పరమాణువులను కదిలించి వేడిగా మారుతుంది. తనకు సరిపడని ఊపుగల వెలుతురును స్ఫటికం ముట్టుకోదు, అవతలికి పోనిస్తుంది.

పటికలోని ఎలక్ట్రాన్లకు మన కంటికి కనిపించే ఏ రంగూ సరిపడదు. అందుకే పటికకు రంగు లేదు. మైలుతుత్తంలోని రాగికి ఎరుపు సరిపడుతుంది. ఎరుపునూ దాని పక్కనున్న నారింజనూ మింగి మిగిలినదాన్ని వదులుతుంది. ఆ మిగిలినదే మనం చూచే నీలం. అంటే, పిల్లలూ, మైలుతుత్తం నీలిరంగును తయారుచెయ్యటం లేదు, మనకు నీలం కనిపించేది అది తినగా మిగిలిన ఎంగిలి! టార్చి లైటుకు ఎర్ర గాజుకాగితం చుట్టి, లావుపాటి మైలుతుత్తం పలుకు వెనక పట్టుకుంటే పలుకు నల్లగా కనిపిస్తుంది. వచ్చిందంతా తిండే, మిగిలేది ఏమీ లేదు.

దీనిలో లావు సంగతి కూడా ఉన్నది. ఒక పలుకు ఒక అంగుళం మందాన సగం ఎర్రవెలుతురును మింగుతుందనుకోండి. రెండంగుళాల మందాన పూర్తిగా మింగుతుందా? మింగదు. రెండో అంగుళం తనకు చేరిన సగంలో సగం మాత్రమే మింగుతుంది. కనుక పావు మిగులుతుంది. మూడో అంగుళం దాటేసరికి పావులో సగం, అంటే ఎనిమిదో వంతు. ఈ లెక్కను ఫ్రాన్సు దేశస్థుడు పియరీ బుగే 1729లో కనిపెట్టాడు. పలచని పలుకు లేత నీలంగానూ, లావు పలుకు ముదురు నీలంగానూ ఉండటానికి కారణం ఇదే. పలుకును దంచితే రంగు తెల్లబడుతుంది. ఎందుచేతనంటే, పొడిలో వెలుతురు ఎక్కువ లోతుకు పోకముందే దారి మళ్ళి తిరిగి వచ్చేస్తుంది, మింగటానికి వ్యవధి ఉండదు.

కాబట్టి తెలుపులో రెండు రకాలున్నాయి. దంచినందువల్ల వచ్చే తెలుపు ఒకటి. దాన్ని నూనెలో ముంచితే రంగు మళ్ళీ ముదురుతుంది. నేను క్లాసులో కాచినప్పుడు వచ్చిన తెలుపు అటువంటిది కాదు. ఆ పొడిని నూనెలో ఎంత ముంచినా నీలం తిరిగి రాదు. నీళ్ళు పడితేనే వస్తుంది. మరి నీళ్ళకు రంగు లేదాయె!

కుర్రవాడి ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్ళ తరవాత, ఒక రసాయనశాస్త్ర గ్రంథం చదువుతుంటే దొరికింది. రంగు నీళ్ళలో లేదు. ఒక్క రాగిలోనూ లేదు. రాగి పరమాణువు చుట్టూ ఎవరు, ఎంత దగ్గరగా కూచున్నారనే దానిలో ఉన్నది. మైలుతుత్తం స్ఫటికంలో ప్రతి రాగి పరమాణువు చుట్టూ నాలుగు నీటి అణువులు చతురస్రంగా కూచుని ఉంటాయి. పైన ఒకటి, కింద ఒకటి సల్ఫేటు తాలూకు ఆక్సిజను పరమాణువులు ఉంటాయి. ఈ ఇరుగుపొరుగువాళ్ళ ఒత్తిడినిబట్టి రాగి ఎలక్ట్రాన్ల ఊపు ఏర్పడుతుంది. ఉయ్యాల తాడు పొడుగు మారిస్తే ఊపు మారినట్టే, పొరుగువాళ్ళు మారితే ఈ ఊపూ మారుతుంది.

కాచినప్పుడు నీళ్ళు లేచిపోయాయి. రాగి చుట్టూ సల్ఫేటు ఆక్సిజన్లే మిగిలాయి. అప్పుడు రాగి ఊపు నిదానించి, ఎరుపుకు ఇవతలగా, మన కంటికి కనిపించని పరారుణ కిరణాలలోకి జరిగిపోయింది. రాగి మింగటం మానలేదు సుమా! మనకు కనిపించే రంగులు మానేసి కనిపించనివి మింగుతున్నది. కనిపించేవన్నీ తిరిగి వస్తున్నాయి కనుక పొడి తెల్లగా ఉన్నది. నీళ్ళు పోస్తే పాత పొరుగువాళ్ళు వచ్చి కూచున్నారు, పాత ఊపు వచ్చింది, నీలం వచ్చింది. నీళ్ళకు బదులు అమ్మోనియా ద్రావణం ఎక్కువగా పోస్తే ఆ నీలం ఇంకా చిక్కబడి, ఊదా కలిసిన ముదురు నీలం వస్తుంది. అక్కడా పొరుగు మారింది, అంతే.

కెంపునూ, మరకతాన్నీ చూడండి. ఒకటి ఎర్రన, ఒకటి పచ్చన. రెంటికీ రంగు ఇచ్చేది క్రోమియం అనే ఒకే లోహం! అదీ కొద్దిపాటే. కెంపులో చుట్టూ ఉన్న ఆక్సిజన్ల ఒత్తిడి కాస్త ఎక్కువ, మరకతంలో కాస్త తక్కువ. ఆ కాస్త తేడాకు ఒకటి ఎరుపును వదులుతుంది, ఇంకొకటి ముఖ్యంగా పచ్చను వదులుతుంది. ఒకే మనిషి అత్తవారింట్లో ఒక తీరుగా, పుట్టింట్లో ఒక తీరుగా ఉన్నట్టు.

పరమాణువుల అమరికకూ వెలుతురుకూ ఉన్న ఈ సంబంధాన్ని లెక్క కట్టిన గొప్పవారిలో ఒకరు మన పక్కవారే. సూరి భగవంతంగారు 1909లో నూజివీడు దగ్గర ఆగిరిపల్లిలో పుట్టారు. అప్పుడది కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు ఏలూరు జిల్లాలో చేరింది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి. వి. రామన్ తన పేరు మోసే ఫలితాన్ని కనుగొన్నారు కదా, ఆ రోజుల్లోనే భగవంతంగారు వెళ్ళి ఆయన దగ్గర చేరారు. స్ఫటికం గుండా పోయే వెలుతురులో బహు కొద్ది భాగం, లోపలి పరమాణువుల కదలికకు కొంత శక్తి ఇచ్చిగాని, దాని నుంచి పుచ్చుకునిగాని, రంగు మారి బయటికి వస్తుంది. అదే రామన్ ఫలితం. 1930లో భగవంతంగారు వజ్రంలో దీన్ని పరిశీలించారు. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, వెంకటరాయుడుగారితో కలిసి రాసిన పుస్తకం 1948లో వెలువడింది. అందులోని గణితం పెద్దది గాని, మూలం మీకు తెలిసిందే. నాలుగు వైపులా ఒకే తీరుగా ఉన్న చుక్కల ముగ్గును పావువంతు తిప్పితే తిప్పినట్టే తెలియదు. ఒక స్ఫటికాన్ని ఎన్ని విధాలుగా తిప్పితే తిప్పినట్టు తెలియకుండా ఉంటుందో లెక్కపెడితే, దానిలోని ఏయే కదలికలకు వెలుతురుతో ఇచ్చిపుచ్చుకోవటాలు ఉంటాయో ముందుగానే చెప్పవచ్చును.

కంటికి తేటగా ఉన్నంత మాత్రాన అన్ని కిరణాలకూ తేట అనుకోకూడదని ఇంతకుముందే చూచాం. కిటికీ అద్దం మనకు తేటే, కాని పొయ్యి సెగలోని కనిపించని కిరణాలను చాలావరకు మింగేస్తుంది. స్వచ్ఛమైన ఉప్పు స్ఫటికం వాటిని పోనిస్తుంది. ఇటలీవాడైన మెల్లోని నూటతొంభై ఏళ్ళ కిందటే ఇది చూపాడు. పరారుణ కిరణాలతో వస్తువులను పరీక్షించే యంత్రాలలో గాజుకు బదులు ఉప్పు పలకలు వాడటం అందుకే.

ఇక వజ్రం. కొల్లేరు వేరు, కొల్లూరు వేరు. కొల్లూరు పల్నాడులో కృష్ణ ఒడ్డున ఉన్న పాత వజ్రాల గని, ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళలో ఉన్నది. పదిహేడో శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు మన దేశం నుంచి ఒక నీలి వజ్రాన్ని తీసుకుపోయి తమ రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. అది కొల్లూరుదేనని పండితుల అభిప్రాయం. దాన్ని కోసి, మళ్ళీ కోసి, చివరికి 45.52 కారట్లు మిగిలింది. హోప్ వజ్రం అనే పేరుతో 1958 నుంచి అమెరికాలో వాషింగ్టనులోని మ్యూజియంలో ఉన్నది. అది నీలంగా ఉండటానికి కారణం దానిలో అతిస్వల్పంగా చేరిన బోరాను. పరారుణంలో మొదలైన దాని శోషణం కొసన ఎరుపు దాకా వస్తుంది. మన మైలుతుత్తానిదీ అదే వరస! కోట్ల ఖరీదు చేసే వజ్రమూ, చేపల చెరువులో వేసే మందూ ఎరుపు చివరనే మింగి నీలంగా మెరుస్తున్నాయి.

పోయిన ఏడు మా పెరటి చెట్లకు బోర్డో మిశ్రమం కావలసి, తాడేపల్లిగూడెంలో ఒక కొట్టుకు వెళ్ళాను. కొట్టు యజమాని లేచి నిలబడి, "బాగున్నారాండీ మాస్టారూ?" అన్నాడు. తల నెరిసినా ముఖం ఆనవాలు పట్టాను. ఆనాటి కుర్రవాడే! మైలుతుత్తం అరకిలో తూచి ఇమ్మని అడిగి, డబ్బు ఇచ్చేముందు, "నీకొక జవాబు బాకీ ఉన్నాను," అన్నాను. బిల్లు కాగితం వెనక రాగి పరమాణువునూ, చుట్టూ నాలుగు నీటి అణువులనూ గీసి, ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పాను.

అతను కాగితం చూచాడు. పక్కనున్న సంచీని ఇటు తిప్పి దానిమీది అచ్చు చదివాడు. "ఇక్కడ పెంటా అని ఉందండీ. అంటే ఐదు కదండీ? మీరు నాలుగే గీశారు. ఐదో నీరు ఏదండీ?"

ఈసారి కూర్చోమనలేదు. ఐదో నీటి అణువు రాగిని అంటుకుని ఉండదు. సల్ఫేటుకూ మిగతా నీళ్ళకూ నడుమ చేతులు పట్టుకుని, పేర్పును బిగించి ఉంచుతుంది. కాచినప్పుడు ముందుగా రెండు నీళ్ళు, ఆ పైన ఇంకో రెండు పోతాయి. వేడి నూరు డిగ్రీలు దాటిన కొద్దిసేపటికే ఈ నాలుగూ ఖాళీ చేస్తాయి. ఐదోది సుమారు రెండువందల డిగ్రీల దాకా కదలదు. ఆనాడు పరీక్షనాళిక మూతి దగ్గర అతను వంగి చూచిన బొట్లలో ఐదో నీరు అన్నిటికంటె ఆఖరున వచ్చి ఉంటుంది.